వీళ్లకు బువ్వ ఎవరు పెట్టారు? మన యుద్ధం సినిమాల మీద ఒక ముచ్చట

ఎప్పటినుంచో అడుగుతున్నారు, "అన్నా, వార్ సినిమాల మీద ఒక ఎపిసోడ్ చేయి, ఏవి చూడొచ్చు, ఏవి వదిలేయొచ్చు చెప్పు" అని. నేను దాటేస్తూ వచ్చాను. ఎందుకంటే టాప్ టెన్ లిస్టులు నాకు రావు. అలాంటివి మీ ఫోన్‌లో ఇప్పటికే వంద ఉన్నాయి. కానీ ఈమధ్య మా ఇంట్లో జరిగిన ఒక చిన్న విషయం వల్ల ఈ టాపిక్ నన్ను వదల్లేదు. అక్కడినుంచే మొదలుపెడతాను.

మాది తల్లాడ అని మీకు తెలుసు గదా. ఖమ్మం నుంచి వైరా దాటి వస్తే మా సెంటర్ దగ్గర రోడ్డు చీలుతుంది. ఒకటి సత్తుపల్లి వైపు పోతుంది. ఇంకోటి ఏన్కూరు మీదుగా కొత్తగూడెం, అక్కణ్ణుంచి భద్రాచలం. ఆ రెండో రోడ్డు మీద ముందుకు పోయేకొద్దీ పొలాలు తగ్గి అడవి మొదలవుతుంది. ఈ రోడ్డును గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఒక రోజు రాత్రి మా నాయనమ్మ పక్కన కూర్చుని ఫోన్‌లో 'మాభూమి' చూస్తున్నాను. ఆమెకు కళ్లు సరిగా ఆనవు. వింటూ, మధ్యమధ్యలో తొంగి చూస్తూ ఉంది. దళంవాళ్లు తుపాకులు పట్టుకుని నడుస్తున్న చోట ఒక్క మాట అడిగింది. "మరి వీళ్లకు బువ్వ ఎవళ్లు పెట్టిండ్రురా?"

నేను నవ్వాను. సినిమా నాయనమ్మా, వాళ్లకెందుకు బువ్వ అన్నాను. ఆమె నవ్వలేదు. ఫోన్ ఆపమంది. తర్వాత ఒక గంటసేపు ఆమె చెప్పింది, నేను విన్నాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పని సంగతి.

అప్పటికి ఆమెకు పది పన్నెండేళ్లు ఉంటాయేమో. వాళ్ల అమ్మ పొద్దున చీకటితో లేచి జొన్న రొట్టెలు చేసేదట. ఇంట్లో తినేది ఐదుగురు, చేసేది ఇరవై రొట్టెలు. అవి గుడ్డలో చుట్టి గంప అడుగున పెట్టి, పైన పేడ వేసుకుని చేను దగ్గరికి పోయేది. పేడ గంపను ఏ పోలీసోడూ తడిమి చూడడు గదా. చేను గట్టున ఒక చెట్టు కింద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసేది. ఎవరు తిన్నారో, ఎంతమంది తిన్నారో ఆమెకు తెలియదు. తెలియకపోవడమే మంచిది, ఎందుకంటే తర్వాత మిలిటరీవాళ్లు వచ్చి అడిగేది అదే.

"ఇష్టంతోనే పెట్టిందా?" అని అడిగాను. నాయనమ్మ కాసేపు ఆలోచించి అంది, "పెట్టకపోతే ఒక భయం, పెడితే ఒక భయం. అయినా మనవాళ్లే అనుకుని పెట్టింది."

ఫ్రెండ్స్, ఆ రోజునుంచి నేను ఏ యుద్ధం సినిమా చూసినా ఈ ఒక్క ప్రశ్న వేసి చూస్తున్నాను. వీళ్లకు బువ్వ ఎవరు పెట్టారు? ఈ ప్రశ్నకు జవాబు ఉన్న సినిమా మళ్లీ చూడబుద్ధి అవుతోంది. జవాబు లేని సినిమా ఇంటర్వెల్‌కే పలచబడిపోతోంది. ఇదేదో పెద్ద సిద్ధాంతం కాదు. మీరూ ట్రై చేసి చూడండి.

ముందు 'మాభూమి' సంగతే చూద్దాం. 1979లో వచ్చింది. తీసింది గౌతమ్ ఘోష్, బెంగాలీ ఆయన. నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. కిషన్ చందర్ ఉర్దూలో రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల దీనికి ఆధారం. అంటే ఉర్దూ నవల, బెంగాలీ డైరెక్టర్, తెలంగాణ పల్లె. అయినా సినిమాలో ఎక్కడా పరాయి వాసన రాదు. ఘోష్ అంతకుముందు బెంగాల్ కరువు మీద 'హంగ్రీ ఆటమ్' అనే డాక్యుమెంటరీ తీశాడు. ఆకలిని కెమెరాతో చూసిన మనిషి అన్నమాట. అందుకే 'మాభూమి'లో తుపాకీ బయటికి రావడానికి చాలాముందే వెట్టి కనిపిస్తుంది, దొర గడీ కనిపిస్తుంది, పండించినవాడి ఇంట్లో గింజ లేకపోవడం కనిపిస్తుంది. సాయిచంద్ వేసిన రామయ్య పాత్ర హీరోలా పుట్టదు. ఊరు విడిచి హైదరాబాద్ పోయి, అక్కడ మక్బూల్ అనే కార్మిక నాయకుడి దగ్గర లోకం నేర్చుకుని వస్తాడు. గద్దర్ కూడా ఇందులో కనిపించి బండి యాదగిరి పాట పాడతాడు. ఆ పాట మీరు రీల్స్‌లో వందసార్లు విని ఉంటారు, అది ఏ సినిమాలోదో తెలియకుండానే.

ఇక్కడ చరిత్ర కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే సినిమా సగమే అర్థమవుతుంది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. మన స్కూల్ పుస్తకాల్లో కథ దాదాపు అక్కడే ఆగుతుంది. కానీ పోరాటం ఆగింది 1951 అక్టోబర్ 21న. మధ్యలో మూడేళ్లు ఉన్నాయి చూడండి, మా నాయనమ్మ చెప్పిన రొట్టెల్లో సగం ఆ మూడేళ్లవే.

ఇంకో మాట. ఆ కాలం మీద ఏ సినిమా వచ్చినా ఈమధ్య అది హిందూ ముస్లిం గొడవగా మారిపోతోంది. రజాకార్లు చేసిన ఘోరాలు నిజం, ఎవరూ దాచాల్సిన పని లేదు. కానీ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో ఒకరు మఖ్దూం. దేశ్‌ముఖ్ మీద భూమి కేసు గెలిచినందుకు 1940లో హత్యకు గురైన రైతు పేరు షేక్ బందగీ. రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో ప్రాణం పోగొట్టుకున్న 'ఇమ్రోజ్' ఎడిటర్ షోయబుల్లాఖాన్. 'మాభూమి' ఈ తేడాను మర్చిపోలేదు. శత్రువుకు మతం అంటించలేదు, పట్టా పుస్తకం అంటించింది. చివర్లో దొర మళ్లీ ఊళ్లోకి వస్తాడు. ఆ సీన్ చూసి మా నాయనమ్మ ఆశ్చర్యపోలేదు, నేను ఆశ్చర్యపోయాను.

కానీ 'మాభూమి'లో కూడా లేనిది ఒకటుంది. అది మన అడవి. ఇప్పుడు ఆ రెండో రోడ్డు గుర్తు తెచ్చుకోండి.

అప్పట్లో ఖమ్మం జిల్లా లేదు. 1953లో ఏర్పడింది. అంతకుముందు ఇదంతా వరంగల్ జిల్లా, నిజాం రాజ్యం. గోదావరి దాటితే భద్రాచలం మద్రాసు వాళ్లది, తూర్పు గోదావరి ఏజెన్సీ. అది ఖమ్మంలో కలిసింది 1959లో. అంటే మన జిల్లా పక్కనుంచే ఒక బోర్డర్ పోయేది. సైన్యం వచ్చాక మైదానంలో దాక్కునే చోటు లేక దళాలు ఇల్లెందు, పాల్వంచ అడవుల్లోకి, గోదావరి ఒడ్డుకు జరిగాయి. అక్కడ వాళ్లకు బువ్వ పెట్టినవాళ్లు కోయవాళ్లు. తమకే ఏడాదంతా సరిపోని తిండిలోంచి పెట్టారు.

దీన్ని ప్రభుత్వం కూడా కనిపెట్టింది. నాయనమ్మ వేసిన ప్రశ్నే సైన్యం కూడా వేసింది. బువ్వ ఆగితే దళం ఆగుతుంది. అడవిలో చెదురుమదురుగా ఉన్న గూడేలను ఖాళీ చేయించి, జనాన్ని ఒకచోటికి తెచ్చి క్యాంపుల్లో పెట్టారు. గూడేలను తగలబెట్టారు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో దీన్ని బ్రిగ్స్ ప్లాన్ అన్నారు. మలయాలో బ్రిటిష్ జనరల్ హెరాల్డ్ బ్రిగ్స్ 1950లో ఇదే పద్ధతి పెట్టాడు. అడవి అంచున ఉన్నవాళ్లను కంచె వేసిన కొత్త ఊళ్లలోకి తరలించి, లోపల ఉన్న గెరిల్లాలకు తిండి అందకుండా చేయడం. మలయా మీద ఇంగ్లిష్‌లో సినిమాలు వచ్చాయి. మా ఏన్కూరు రోడ్డు చివర ఉన్న అడవి మీద, ఆ క్యాంపుల మీద, కోయ ఇంటి లోపలినుంచి చూపించిన సినిమా నేను ఒక్కటీ చూడలేదు. దళంవాళ్ల జ్ఞాపకాలు పుస్తకాలుగా వచ్చాయి. బువ్వ పెట్టినవాళ్లలో ఎక్కువమందికి రాయడం రాదు.

సరే, గోదావరి దాటి ఇంకొంచెం ముందుకు పోదాం. అల్లూరి సీతారామరాజు. 1974 మే 1న వచ్చిన కృష్ణ సినిమా, ఆయనకు నూరో సినిమా, తెలుగులో మొదటి సినిమాస్కోప్. డైరెక్టర్ వి. రామచంద్రరావు షూటింగ్ మధ్యలోనే చనిపోతే మిగతాది కృష్ణ, కె.ఎస్.ఆర్. దాస్ పూర్తి చేశారు. మా నాన్న తరానికి ఇది సినిమా కాదు, పండగ. నాకూ ఇష్టమే. రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య గొంతు వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. శత్రువుకు కూడా మర్యాదగల గొంతు ఇచ్చిన సినిమాలు మనకు తక్కువే.

కానీ బువ్వ ప్రశ్న వేస్తే కొంచెం తడబడుతుంది. రంప తిరుగుబాటు ఎందుకు వచ్చింది? 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు వ్యవసాయానికి అడ్డం పడింది. పోడు లేకపోతే గింజ లేదు. దానికి తోడు రోడ్డు పనులకు గిరిజనులను పట్టుకుపోయి, సరైన కూలి ఇవ్వకుండా బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు పీడించాడు. అంటే మొదలే అన్నం దగ్గర. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు. మొత్తం కలిపి చేతికొచ్చినవి 26 తుపాకులు. ఆ 26 తుపాకులతో దాదాపు రెండేళ్లు నిలిచారంటే తుపాకీ బలం ఒక్కటే కాదు గదా, ఎన్ని గూడేల్లో ఎన్ని కుండలు పొయ్యి మీదికి ఎక్కి ఉంటాయో లెక్కేసుకోండి. సినిమాలో మనకు గుర్తుండేది రాజు ముఖం. గూడెం ముఖం గుర్తుండదు.

ఒక చిన్న విషయం చెప్పకుండా ఉండలేను. 1924 మే 7న రాజు చనిపోయాడు, సినిమా అక్కడ అయిపోతుంది. కానీ ఆయన పక్కన పోరాడిన గాం మల్లుదొర పట్టుబడి అండమాన్ జైలుకు పోయి, బతికి వచ్చి, 1952లో మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. గూడెం కొండల్లోంచి అండమాన్, అండమాన్ నుంచి పార్లమెంట్. దీన్ని ఇంకా ఎవరూ పెద్ద సినిమాగా తీయలేదు అంటే నాకు నమ్మబుద్ధి కాదు.

'ఆర్ఆర్ఆర్' గురించి అడుగుతారని తెలుసు. థియేటర్‌లో నేనూ ఈల వేశాను. అల్లూరి, కొమరం భీమ్ ఎప్పుడూ కలవలేదు, అది కల్పన అని రాజమౌళే చెప్పాడు. డాన్స్ బాగుంది. ముందుకు పోదాం.

నీళ్ల కిందికి పోదాం ఇప్పుడు. 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన 'ఘాజీ'. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ పీఎన్ఎస్ ఘాజీ మునిగిపోయింది. అందులో ఉన్నవాళ్లెవరూ బతకలేదు. ఎందుకు మునిగింది అన్నదానిమీద రెండు దేశాలు రెండు కథలు చెబుతాయి. మనవాళ్లు ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్ల అంటారు, వాళ్లు తమ మైనో లోపలి పేలుడో అంటారు. సినిమా మూడో కథ చెబుతుంది, ఎస్21 అనే మన సబ్‌మెరైన్ కథ. అది కల్పన అని ముందే చెప్పేస్తుంది కాబట్టి నాకు కోపం లేదు. సినిమాగా చూస్తే గట్టి పని. ఒక ఇనుప గొట్టంలో మనుషులు, గాలి తక్కువ, చప్పుడు చేయకూడదు. రానా, కేకే మీనన్, అతుల్ కులకర్ణి ముగ్గురూ పోటాపోటీగా చేశారు.

కానీ అసలు కథలో బువ్వ ఉంది, వినండి. ఘాజీ వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్ అప్పుడు విశాఖలో లేదు, అండమాన్ వైపు దాచారు. అయినా విశాఖలోనే ఉందని శత్రువు నమ్మాలి. అప్పుడు తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఏం చేశాడు? రాజ్‌పుత్ చేత విక్రాంత్ పేరుతో వైర్‌లెస్ మెసేజ్‌లు పంపించాడు. దాంతోపాటు కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు పెద్ద ఎత్తున ఆర్డర్ పెట్టించాడు. ఇంత తిండి కావాలంటే ఇక్కడ పెద్ద ఓడ ఉన్నట్టే గదా అని గూఢచారులు అనుకోవాలి. చూశారా, సైన్యం ఎక్కడుందో తెలుసుకోవాలంటే వంటగదిని చూస్తే చాలని ఇద్దరికీ తెలుసు. సినిమా కథ ఎక్కువగా నీళ్ల కిందే నడుస్తుంది కాబట్టి ఈ ముచ్చటకు చోటు దొరకలేదు. నాకైతే టార్పెడో కంటే ఈ కూరగాయల ఆర్డరే థ్రిల్లర్.

'ఘాజీ' నచ్చినవాళ్లు 1981లో వచ్చిన జర్మన్ సినిమా 'దాస్ బూట్' వెతికి చూడండి. అందులో సబ్‌మెరైన్ బయల్దేరేముందు ఎక్కడపడితే అక్కడ రొట్టెలు, మాంసం వేలాడుతుంటాయి. ఉన్న రెండు మరుగుదొడ్లలో ఒకటి తిండి సామానుతో నింపేస్తారు. ఈ ఒక్క వివరంతో ఆ మనుషుల బతుకు మొత్తం అర్థమవుతుంది. వాళ్లు నాజీ జర్మనీ తరఫున పోరాడేవాళ్లని తెలిసి కూడా వాళ్లకు ఊపిరి ఆడకపోతే మనకు ఆడదు.

యానిమే చూసేవాళ్లు చాలామంది ఉన్నారు మీలో. 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్' చూడకపోతే ఈ వారమే చూడండి, కానీ ఒంటరిగా వద్దు. 1988, ఇసావో తకహాటా. 1945లో బాంబులు పడిన కోబె నగరం, ఒక అన్న, ఒక చిన్న చెల్లి, ఒక చాక్లెట్ల డబ్బా. అంతే. ఆ కథ రాసిన అకియుకి నొసాకా చిన్న చెల్లెలు నిజంగానే ఆకలితో చనిపోయింది. సినిమాలో విమానాలు కాసేపే ఉంటాయి. మిగతా సినిమా అంతా ఈరోజు ఏం తినాలి అనే. దాన్ని మించిన యుద్ధం సినిమా నేను చూడలేదు.

అదే రెండో ప్రపంచ యుద్ధం మన తెలుగులో అంటే క్రిష్ 'కంచె', 2015. ఇటలీలో పోరాడే తెలుగు సైనికుడు, తన ఊళ్లో కులాల మధ్య కట్టిన కంచె. అక్కడ తుపాకీ పట్టినవాడు, ఇక్కడ కంచె కట్టినవాడు ఒకే పటాలంలో ఉంటారు. యుద్ధం సీన్లలో అక్కడక్కడ డబ్బు సరిపోలేదని తెలుస్తుంది, ఉపన్యాసం కూడా కొంచెం ఎక్కువైంది. అయినా ఆ యుద్ధంలో 25 లక్షలమంది భారతీయులు పనిచేశారని, మన విశాఖ, కాకినాడల మీద 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడ్డాయని తెలియని తరానికి అది ఒక తలుపు తెరిచింది.

చివరగా 'విరాటపర్వం'. 2022, వేణు ఊడుగుల. మన పక్క అడవి, మన పక్క కాలం. దీని వెనక 1992లో జరిగిన నిజమైన సంఘటన ఉంది. నక్సలైట్లలో చేరడానికి పోయిన ఒక అమ్మాయిని వాళ్లే ఇన్ఫార్మర్ అని అనుమానించి చంపేశారు. సినిమా ప్రేమకథగా నడుస్తుంది, సాయిపల్లవి ఏడిపిస్తుంది. నాకు అందులో పట్టుకున్నది ప్రేమ కాదు, అనుమానం. అడవి అంచున బతికేవాళ్లను రెండు పక్కలవాళ్లూ అడిగే ప్రశ్న ఒకటే, నువ్వు ఎవరికి పెట్టావు? నాయనమ్మ చెప్పిన రెండు భయాలు 1949లోనే ఆగిపోలేదన్నమాట.

ఇంతకీ మా ముత్తవ్వ కథ పూర్తి చేయలేదు. మిలిటరీ వచ్చిన రోజు ఊరందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగారట, ఎవరెవరు తిండి పెట్టారో చెప్పండి అని. ఎవరూ చెప్పలేదు. మగవాళ్లను కొట్టారు. ముత్తవ్వ దగ్గరికి వచ్చి, ఇంట్లో ఐదుగురికి ఇన్ని జొన్నలు ఎందుకు దంచావు అని అడిగారు. ఆమె, "మా ఇంట్లోవాళ్లు ఎక్కువ తింటారు" అందట. ఆ మాట చెప్పేటప్పుడు మా నాయనమ్మ నవ్వింది. ఆ తర్వాత ఆ ఇంట్లో చాలా కాలం రొట్టెలు లెక్కపెట్టే చేశారట, ఐదుగురికి ఐదే.

నాయనమ్మ ఈ ముచ్చట మొత్తం మళ్లీ చెప్పడానికి ఒప్పుకుంది, కెమెరా ముందు కాదు, ఉత్త గొంతు రికార్డింగే. వచ్చే ఆదివారం చేస్తున్నాం. అప్పటిలోగా మీ ఇంట్లో ఎనభై దాటిన అవ్వలు, తాతలు ఎవరైనా ఉంటే, ఏన్కూరు, జూలూరుపాడు, పాల్వంచ, భద్రాచలం, ఎక్కడైనా సరే, ఒక సినిమా పెట్టి పక్కన కూర్చోండి. వాళ్లు ఎక్కడ ఆపమంటారో అక్కడ ఆపండి.